పీఠికలో రాయని సంగతి

మొన్న శనివారం మధ్యాహ్నం ఆర్టీసీ కార్గో కౌంటరు నుంచి నాలుగు అట్టపెట్టెలు ఆటోలో మా ఇంటికి వచ్చాయి. పెట్టెకు 75 చొప్పున 300 ప్రతులు, ఒక్కొక్కటి 96 పుటలు. మా నాయనమ్మ గురించీ, ఆమెలాగా ఊరూరా తిరిగి సువార్త చెప్పిన ఆడవాళ్ళ గురించీ 64 ఏళ్ళ వయసులో నేను రాసిన మొదటి పుస్తకం అది. మరునాడు ఆరాధన ముగిశాక యౌవనస్థుల కూడికలో ఒక కుర్రవాడు లేచి, "టీచరు గారూ, రాయమని మిమ్మల్ని ప్రేరేపించినదేమిటి?" అని అడిగాడు. "అంతా దేవుని కృపే నాయనా" అని చెప్పి కూర్చున్నాను. అందరూ ఆమేన్ అన్నారు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా ఆ జవాబు చేపముల్లులాగా గొంతుకు అడ్డం పడుతూనే ఉంది, ఎందుకంటే అది అబద్ధం కాకపోయినా నిజంలో పావు వంతు మాత్రమే.

మన క్రైస్తవ పుస్తకాల పీఠికలు చదివేవారికి తెలుసు, "అయోగ్యురాలనైన నన్ను", "బలహీనమైన ఈ పాత్రను" అన్న మాటలు లేకుండా దాదాపు ఏదీ మొదలు కాదు. నా పీఠికలోనూ ఆ మాటలే ఉన్నాయి, వాటిని మనస్ఫూర్తిగానే రాశాను. అయితే ఈ పుస్తకానికి నా చేత కలం పట్టించినది కోపం. అది పూర్తిగా చల్లారకముందే ఆ సంగతి చెప్పేయాలని ఇది రాస్తున్నాను.

మా నాయనమ్మ బైబిలు స్త్రీ. ఈ మాట ఈ తరం పిల్లలకు తెలియడం లేదు గనుక చెబుతాను. మిషనువారు చదవడం నేర్పి, కొద్దిపాటి జీతమిచ్చి, బైబిలూ కీర్తనల పుస్తకమూ చేతికిచ్చి ఊళ్ళ మీదికి పంపిన ఆడవాళ్ళను అలా పిలిచేవారు. మగ బోధకులు అడుగు పెట్టలేని లోగిళ్ళలో ఆడవాళ్ళతో మాట్లాడగలిగినది వీరే. మా నాన్న పసివాడుగా ఉండగానే భర్తను పోగొట్టుకొన్న నాయనమ్మ, ఇరవై ఏళ్ళు దాటాక అక్షరాలు దిద్దుకొని, దాదాపు పాతికేళ్ళు ఆ పని చేసింది. 1983లో ఆమె పోయాక ఆమె రేకు పెట్టె నా వంతుకు వచ్చింది. అందులో రెండు తెల్ల చీరలు, కళ్ళజోడు, నల్ల అట్ట వేసిన ఒక నోటు పుస్తకం ఉన్నాయి.

ఆ నోటు పుస్తకాన్ని నేను చాలా ఏళ్ళు తెరవలేదు, తెరిచినప్పుడు కూడా అది లెక్కల పుస్తకమనుకొని మూసేశాను. నిజానికి లెక్కలే. ప్రతి పుటలోనూ పెన్సిలుతో నాలుగు గడులు గీసి ఉంటాయి: తేది, ఊరు, ఇండ్లు, విన్నవారు. నెలాఖరున దొరసానికి లెక్క అప్పజెప్పాలి గనుక రాసుకొన్నది. "ఇండ్లు 9. విన్నవారు 22." "ఇండ్లు 4. విన్నవారు లేరు." "వాన. వాగు దాటలేదు." ఇలా పుటల తరబడి సాగుతుంది. అక్కడక్కడ మాత్రం గడి చాలక అంచులోకి పాకిన వాక్యాలున్నాయి. ఒకచోట, "పెద్దవీధిలో చెప్పులు చేత పట్టుకొంటిని. అరుగు కింద నిలువబడి చెప్పితిని" అని ఉంది. దానికి పదకొండు రోజుల తరువాత అదే ఊరి పేరు కింద, "కరణము గారి కోడలు లోపలికి పిలిచినది. మంచినీళ్ళు ఇచ్చినది" అని ఉంది. ఈ రెండు వాక్యాలనూ నేను పదవీ విరమణ చేసిన ఏడాది, కళ్ళజోడు మార్చుకొన్నాక, మొదటిసారి సరిగ్గా చదివాను.

మా ప్రాంతపు క్రైస్తవ చరిత్ర తెలియనిదేమీ కాదు. 1876–78 నాటి ధాత కరువు, బకింగ్‌హాం కాలువ తవ్వకం దగ్గర ఒంగోలు మిషనరీ క్లౌ దొర మన వాళ్ళకు పని ఇప్పించడం, 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందడం, ఇవన్నీ ప్రసంగాల్లో వింటూనే పెరిగాము. క్లౌ దొర చెప్పగా ఆయన భార్య ఎమ్మా రాసిన ఆయన జీవితచరిత్ర 1914లో ఇంగ్లీషులో అచ్చయింది. అయితే ఆ రోజు నీళ్ళలో దిగి ఆ 2,222 మందికీ బాప్తిస్మమిచ్చింది దొర కాదు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొన్న ఆరుగురు దేశీయ బోధకులు. అంకె మనందరికీ నోటికి వచ్చు. ఆ ఆరుగురి పేర్లు చెప్పగలవారు మా సంఘంలో ఒక్కరూ లేరు, నేను అడిగి చూశాను. దొరల చరిత్ర దొరలు రాసుకొన్నారు, అందులో తప్పేమీ లేదు. మన చరిత్ర మనం ఎందుకు రాసుకోలేదన్నదే నా ప్రశ్న, నాకు సమాధానం దొరికింది మా సంఘపు గదిలోనే.

సంఘానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా సావనీరు, అంటే జ్ఞాపక సంచిక, వేస్తున్నామనీ, పాతకాలపు విశేషాలు తెలిసినవారు రాసి ఇవ్వాలనీ ఆరాధనలో ప్రకటన చేశారు. బాప్తిస్మపు రిజిస్టరు చూడడానికి పాస్టరు గారు వెంటనే ఒప్పుకొన్నారు, ఒక్క పూటలో పని అయిపోయింది. రెండు వారాలు కూర్చొని, నోటు పుస్తకంలోని సంగతులూ నాన్న చెప్పినవీ కలిపి 22 పుటలు రాశాను. నకలు తీయించకుండా ఉన్న ఒక్క ప్రతినీ తీసుకొనివెళ్ళి కమిటీ చేతిలో పెట్టాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన దానిని, నా తరగతి దాటిన ఏ పిల్లవాడూ సొంతంగా ఉత్తరం రాయలేకుండా బయటికి పోలేదని చెప్పుకోగలిగిన దానిని, నా రాత మీద నాకు అంత ధీమా ఉండేది.

కమిటీకి పెద్దగా ఉన్నాయన గొప్ప ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పేరు చెప్పను, ఆయనకు తెలుసు. ప్లాస్టిక్ కుర్చీల్లో మరో నలుగురు కూర్చొని ఉన్నారు. ఆయన నా కాగితాలను కరెన్సీ నోట్లు లెక్కించినట్టు బొటనవేలితో తిరగేసి, "ఇందులో వాక్యం ఎక్కడుంది టీచరు గారూ?" అన్నారు. సావనీరు గనుక వాక్యం అవసరం లేదనుకొన్నానని చెప్పాను. ఆయన మధ్యలో ఒక కాగితం తీసి, ప్రసంగం చదివే గొంతుతో పైకి చదవడం మొదలుపెట్టారు. అది చెప్పులు చేత పట్టుకొన్న చోటు. "పెద్దవీధిలో చెప్పులు చేత పట్టుకొంటిని" అని నాయనమ్మ మాటను ఆయన సాగదీసి చదువుతుంటే ఒకరు నవ్వారు. ఆ నవ్విన మనిషి మా అమ్మ వైపు బంధువే. చదవడం ఆపి ఆయన, "ఇప్పుడు ఇవన్నీ ఎందుకమ్మా? మన పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఆ రోజు బయటివాళ్ళు కూడా వస్తారు, ఎమ్మెల్యే గారిని పిలిచాము. చెప్పులూ అరుగులూ అని వేసుకొంటే మనకు గౌరవమా?" అన్నారు.

నాకు మాట రాలేదు. తరగతి గదిలో ఎంత అల్లరినైనా ఒక్క చూపుతో అణచగలిగిన నేను ఆ కుర్చీలో చేతిసంచి పట్టీని మెలిపెడుతూ కూర్చుండిపోయాను. అవమానం నాయనమ్మది కాదని నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే ఆమె ఆ వాక్యాన్ని సిగ్గుపడి రాయలేదు, ఇండ్ల లెక్కతో పాటు జరిగినదాన్ని జరిగినట్టుగా రాసి దొరసానికి చూపించింది. సిగ్గు మాది. చెప్పులు పట్టించినవాళ్ళు సిగ్గుపడాల్సిన చోట, పట్టుకొన్నవాళ్ళ మనవలు సిగ్గుపడుతున్నారు. ఈ మాట అక్కడ అనవలసింది, మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక గాని నాకు తట్టలేదు.

అంతటితో ఆగి ఉంటే బహుశా నేను మరచిపోయేదాన్ని. ఆయన నన్ను ఓదార్చబోయి, "మీ నాయనమ్మ గారి జ్ఞాపకార్థం ఒక కృతజ్ఞతా ప్రకటన ఇవ్వండి, పూర్తి పుట ఐదు వేలు, సగం పుట మూడు వేలు, ఫోటో వేస్తాము" అన్నారు. నేను, ఇప్పటికీ ఎందుకో నాకు తెలియదు, మూడు వేలు కట్టాను. రసీదు కూడా ఇచ్చారు. శతజయంతి నాడు సావనీరు చేతికి వచ్చింది. మొదటి 30 పుటలు సందేశాలు, తరువాత దొరల ఫోటోలు, ఆపైన విరాళాలిచ్చిన కుటుంబాలు పట్టుచీరల్లో. 58వ పుటలో సగభాగంలో మా నాయనమ్మ ఫోటో ఉంది. దాని కింద "ఫలానా టీచరు గారి నాయనమ్మ" అని నా పేరు వేశారు, ఆమె పేరు లేదు. పాతికేళ్ళు వాగులు దాటి, వేసవి ఎండలకు కాళ్ళు బొబ్బలెక్కి, 'విన్నవారు లేరు' అని నిజం రాసి లెక్క అప్పజెప్పిన మనిషికి, తాను నిలబెట్టిన సంఘపు పుస్తకంలో పేరు లేదు. బిరియానీ పొట్లం తీసుకోకుండా ఇంటికి వచ్చేశాను. ఆ రాత్రి వచ్చిన కోపానికి నా బీపీ మాత్ర కూడా పనిచేయలేదు.

నిద్ర పట్టక బైబిలు తెరిచాను. భక్తితో కాదు, "వాక్యం ఎక్కడుంది" అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి. రోమా పత్రిక చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయాను. నేను ఆ అధ్యాయాన్ని నా జన్మలో ఎన్నడూ సరిగ్గా చదవలేదు, ఎందుకంటే అదంతా పేర్ల చిట్టా. దాని మీద ఏ పాస్టరు గారూ ప్రసంగం చేయగా వినలేదు. సంఘ పరిచారకురాలైన ఫీబే పేరుతో అది మొదలవుతుంది. ఆపైన ప్రిస్కిల్ల, మరియ, త్రుఫైనా, త్రుఫోసా. "ప్రియమైన పెర్సిసునకు వందనములు, ఆమె ప్రభువునందు బహుగా ప్రయాసపడెను" అని ఉంది. పెర్సిసు ఏం ప్రయాసపడిందో మనకు తెలియదు. ఆమె ఏ ఊరిలో ఎన్ని ఇండ్లు తిరిగిందో, ఎవరు తలుపు వేశారో తెలియదు. పేరు మాత్రం ఉంది, రెండు వేల ఏళ్ళుగా ఉంది. ఇంకొంచెం కిందికి వస్తే, "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను" అని, పౌలు చెబుతుండగా రాస్తున్న లేఖకుడు మధ్యలో తన పేరు తాను చెప్పుకొన్నాడు. ఆ మనిషి ఆ ఒక్క వాక్యం చొరవ చేసి ఉండకపోతే అతడొకడు ఉన్నాడని మనకు తెలిసేదే కాదు. రాత్రి రెండు గంటలప్పుడు నేను గట్టిగా నవ్వాను. పేర్లు రాయడమే వాక్యం, కమిటీ పెద్దకు నేను ఇవ్వలేకపోయిన జవాబు బైబిలులోనే అచ్చయి ఉంది.

దేవుడు ప్రేరేపించాడని ఇప్పుడు నేను చెబితే ఆ రాత్రిని ఉద్దేశించే చెబుతున్నాను. కోపాన్ని తీసివేయలేదు, దానికి ఒక పని అప్పగించాడు.

మరునాడు నా 22 పుటలు వెనక్కి అడగడానికి వెళ్ళాను. "ఎక్కడో పెట్టాము టీచరు గారూ, డీటీపీ కుర్రవాణ్ణి అడగాలి" అన్నారు. మూడుసార్లు తిరిగాను. దొరకలేదు. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను రాజు కుంపట్లో వేసి కాల్పించాడనీ, వాళ్ళు మళ్ళీ కూర్చొని అంతకు మించి రాశారనీ 36వ అధ్యాయంలో ఉంది. మా వాళ్ళు కాల్చలేదు, పోగొట్టారు, అంతే తేడా. అయితే రెండోసారి రాసినప్పుడు నేను నాయనమ్మ ఒక్కదాని దగ్గర ఆగలేదు. నోటు పుస్తకంలో "ఫలానా అక్కతో కూడ పోతిని" అన్న చోటల్లా ఆ అక్క ఎవరో వెతికాను. వాళ్ళ మనవరాళ్ళను వెతుక్కొంటూ రెండు జిల్లాలు బస్సుల్లో తిరిగాను. పదకొండు మంది బైబిలు స్త్రీల పేర్లు దొరికాయి, వారిలో ముగ్గురి ఫోటోలు దొరికాయి. రాయదలచిన వారెవరైనా సరే, మీ రాతప్రతిని కమిటీ అన్న పేరున్న దేనికీ నకలు లేకుండా ఇవ్వకండి. ఆ కమిటీ ప్రార్థన చేసి మొదలయ్యేదైతే రెండు నకళ్ళు ఉంచుకోండి.

ఇక రెండో దెబ్బ బయటివారి నుంచి తగిలింది. పుస్తకం పూర్తయ్యాక, సాహిత్యం తెలిసినవారెవరైనా చూస్తే బాగుంటుందని ఒక రచయిత గారికి పంపాను. ఆయన పెద్ద మనసుతోనే చదివి, "విషయం బాగుందమ్మా, కానీ మీ తెలుగుకు బైబిలు వాసన ఉంది, ఈ గనుకలూ ఏలయనగాలూ తీసేయండి" అన్నారు. ముందు కుంగిపోయాను. తరువాత ఆలోచిస్తే, నేను తెలుగు నేర్చుకొన్నది ఎక్కడ? మా పల్లెలో పుస్తకమన్నది ఉన్న ఇంట్లో అది బైబిలు, లేదా కీర్తనల పుస్తకం. 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో షుల్జ్ అనే మిషనరీ దొర తెలుగు అక్షరాలు అచ్చు వేయించినది క్రైస్తవ పుస్తకాల కోసమే. 1805లో విశాఖపట్నం వచ్చిన లండను మిషను దొరలు సువార్తలను తెలుగు చేసింది ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి తోడ్పాటుతో. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలను మా నాయనమ్మ చదవడం రాకముందే రాగం తప్పకుండా పాడేదట. ఆ భాషకు ఒక వాసన ఉంటే అది మా ఇంటి వాసన. ఇదే నేల మీద వినుకొండలో పుట్టిన జాషువా గారు క్రీస్తు చరిత్రను పద్యాల్లో రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకొన్నారు, ఆయనకూ ముందు ఎదురైనవి మూసిన తలుపులే. రచయిత గారి సలహాలో సగం పాటించాను: నా వాక్యాల్లోని "ఏలయనగా"లన్నీ తీసేశాను, నాయనమ్మ వాక్యాల్లో ఒక్క అక్షరం కూడా ముట్టుకోలేదు.

ఆ తరువాతి మెట్లు తేలికైనవి. పుస్తకానికి గుర్తింపుగా ఉండే ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను మన దేశంలో ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, ఇంటర్నెట్‌లో దరఖాస్తు పెడితే చాలు. అది ఇప్పిస్తానని నా దగ్గర మూడు వేలు అడిగిన మధ్యవర్తి ఒకరున్నారు. మూడు వేలన్న అంకె వినగానే నాకు 58వ పుట గుర్తుకు వచ్చింది, ఇవ్వలేదు. దరఖాస్తు మా అబ్బాయి పెట్టాడు. ముఖచిత్రంగా సిలువ, పావురం, ఉదయిస్తున్న సూర్యుడు వేద్దామని ప్రెస్సువారు పట్టుబట్టారు. నేను నోటు పుస్తకంలోని ఒక పుటను ఫోటో తీయించి అదే వేయించాను. విడుదల సభ పెట్టలేదు, శాలువాలు కప్పించుకోలేదు. చట్టం ప్రకారం పంపాల్సిన గ్రంథాలయాల్లో చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం ఒకటి, దానికి ప్రతిని నిన్ననే పోస్టులో పంపాను.

డీటీపీ సంగతి మాత్రం చెప్పి తీరాలి. నేను ఫోనులో టైపు చేసి పంపినదాన్ని వాళ్ళు ప్రెస్సుల్లో వాడే 'అను' అనే పేరున్న ఫాంట్లలోకి మార్చుకొంటారు. మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, కొన్ని గుణింతాలు పక్క అక్షరానికి అంటుకొంటాయి. ఎర్ర పెన్నుతో మూడుసార్లు ప్రూఫులు దిద్దాను. ముప్పై నాలుగేళ్ళు కాపీ పుస్తకాలు దిద్దిన కన్ను నాది, నన్ను దాటి తప్పు పోదని ప్రెస్సులో గట్టిగానే చెప్పాను.

కమిటీ పెద్దకు ఆదివారం నా చేతులతోనే ఒక ప్రతి ఇచ్చాను. ఆయన నిలబడే తిరగేసి, వెనక ఉన్న పదకొండు పేర్ల పట్టిక దగ్గర ఆగి, ఆరో పేరు మీద వేలు పెట్టి, "ఈమె మా పెద్దమ్మే" అన్నారు. నాకు తెలుసన్నాను. ఆమె గురించి మూడు పుటలున్నాయి, చెప్పుల సంగతి కూడా ఉంది. ఆయన ఇంకేమీ అనలేదు, మరో రెండు ప్రతులు కావాలని డబ్బు తీసి ఇచ్చారు. తీసుకొన్నాను, చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చాను.

సాయంత్రం ఆయనే ఫోను చేశారు. "టీచరు గారూ, 41వ పుట చూశారా?" అన్నారు. చూశాను. రెండో పేరాలో మా నాయనమ్మ పేరులో ఒత్తు లేదు. పుస్తకమంతటా సరిగ్గానే ఉంది, ఆ ఒక్కచోట ఎగిరిపోయింది, మూడు ప్రూఫుల్లోనూ నా కన్ను దాన్ని దాటుకొంటూనే పోయింది. ఆయన గొంతులో వెటకారం ఉందేమోనని వెతికాను గాని, నిజం చెప్పాలంటే, లేదు. ఇప్పుడు నాలుగు పెట్టెలూ విప్పి హాల్లో పరిచాను. చేతికి తీసుకొన్న ప్రతి పుస్తకంలోనూ 41వ పుట తెరిచి, సన్నని నల్ల పెన్నుతో ఆ ఒత్తు పెడుతున్నాను. ఇప్పటికి 112 అయ్యాయి.